పర్లేదండికి అర్థం

కొండమీది ఇల్లు,
జూన్ చివర

వదినకి,

లోపలికి రాగానే ఫోన్లు తీసేసుకున్నారు. అంగారక గ్రహానికి వెళ్ళేవాళ్ళు మనలా ఫోన్లో కబుర్లు చెప్పుకోలేరు కదా, ఒక మాట ఇంటికి చేరడానికే నిమిషాలు నిమిషాలు పడుతుంది. అందుకని మాకూ ఉత్తరాలే. ఇక్కడ టైపు చేసి పెడితే వారానికోసారి బయటికి వెళ్తాయి, మీవి వారానికోసారి లోపలికి వస్తాయి. మధ్యలో ఎవరూ చదవరని మాట ఇచ్చారు కాబట్టి అన్నయ్య మీద చాడీలన్నీ ధైర్యంగా రాయి.

మీ పుట్టింట్లో అత్తయ్యగారు వాళ్ళంతా నేను నిజంగా అంగారకుడి మీదికి వెళ్ళిపోయాననుకుంటున్నారట. కాదని చెప్పు. ఇది రిహార్సల్. ఎక్కడో కొండమీద ఒక ఇనప ఇల్లు కట్టి, నలుగుర్ని లోపల పెట్టి తలుపు వేశారు. వచ్చే వేసవి దాకా ఆ తలుపు తీయరు. అంతకాలం మనుషులు ఒంటికీ మనసుకీ జబ్బు చేయకుండా ఉండగలరా, ఏం తినాలి, ఎంత వ్యాయామం చేయాలి అన్నది చూడటమే మా పని. తిండి అంతా పొట్లాల్లో. నీళ్ళ సంగతి చెప్తే నువ్వు మొహం చిట్లిస్తావు గానీ, మా ఒంట్లోంచి పోయిన ప్రతి చుక్కా యంత్రంలో శుభ్రమై మళ్ళీ గ్లాసులోకి వస్తుంది. రుచి బాగానే ఉంది, ఒట్టు.

ఈ ఇంటికి డాక్టర్ని నేనే. పొద్దున్నే ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి బరువు, బీపీ చూసి, ఎలా ఉందని అడిగి, వాళ్ళ జవాబుని బట్టి మంచి, మధ్యస్థం, చెడు అని మూడింట్లో ఒకటి కంప్యూటర్లో నొక్కుతాను. ఈ పద్ధతి నేను తయారుచేసిందే వదినా. ఇక్కడ నెగ్గిందంటే రేపు నిజంగా వెళ్ళేవాళ్ళ వ్యోమనౌకలోకి ఇదే వెళ్తుంది. కాకినాడలో నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని నేను వచ్చింది ఈ ఒక్కదాని కోసమే. నీకు తప్ప ఎవరికీ ఇంత ఆశగా చెప్పలేదు.

మిగతా ముగ్గురిలో ఒకరు పుణె ఆవిడ, మొక్కలు పెంచుతుంది. ఒకడు భోపాల్ కుర్రాడు. వీళ్ళిద్దరికీ కాస్త తలనొప్పి వస్తే చాలు, అది ఏ పక్కన మొదలై ఏ పక్కకి వెళ్ళిందో మొత్తం చెప్తారు. మూడో మనిషి మనవాడే. లాజరు గారని, కాకినాడ హార్బరు దగ్గర ఇల్లు. యంత్రాలన్నీ ఆయనవే, నీళ్ళ యంత్రంతో సహా. ఎలా ఉందండీ అంటే పర్లేదండి అంటాడు, బీపీ పట్టీ తనే విప్పుకుని పనికి పోతాడు. రోజూ ఇంతే, నేను మంచి అని నొక్కుతాను. ఇలాంటివాళ్ళు నలుగురుంటే నాకు ఇక్కడ నిద్రపోవడం తప్ప పనుండదు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

పావని


సామర్లకోట,
జూలై

పావనికి,

నీ ఉత్తరం బ్యాంకులో భోజనం వేళ చదివాను. ఆ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చారు గిన్నెకి మూత పెట్టేశాను. ఇలాంటివి రాసేముందు పైన హెచ్చరిక రాయి తల్లీ.

మీ అన్నయ్య బండి స్టాండు తగిలి కాలి బొటనవేలు వాచిపోయి చెప్పులో పట్టక, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి నా హవాయి వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నాడు. ఆసుపత్రికి పదమంటే పర్లేదంటాడు. మీ వంశమంతా ఇంతే. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే ఒక చోట నాకు ఒళ్ళు మండింది. ఆ లాజరు గారు పర్లేదండి అన్నారు, నువ్వు మంచి అని నొక్కావు. నువ్వసలు ఏ జిల్లాలో పుట్టావే?

మా ఇంట్లో కథ నీకు చెప్పానో లేదో. పెళ్ళయ్యాక మీ అన్నయ్య మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు మా అమ్మకి జ్వరం. వడ్డన మా మేనత్త చేతిలో పడింది. ఆవిడ కాపురం ఎప్పటినుంచో నాగపూర్‌లో, వద్దంటే వద్దనే అనుకుంటుంది. కొత్తల్లుడు పప్పు దగ్గర పర్లేదండి అన్నాడు, గిన్నె వెనక్కి వెళ్ళిపోయింది. పులుసు దగ్గర పర్లేదండి, అదీ పోయింది. పనసపొట్టు కూర ఆయనకి ప్రాణం, దాన్ని కళ్ళతో చూసి ఊరుకున్నాడు. మొత్తానికి పెరుగన్నంతో లేచాడు. సాయంత్రం పాలకొల్లు బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ మీద ఇడ్లీ లాగిస్తుంటే మా బాబాయి కంటపడ్డాడు. మా అమ్మ జ్వరంతోనే లేచి మేనత్తని ఉతికి ఆరేసింది. అల్లుడు పర్లేదంటే అడగడం మానేస్తావా అని.

నవ్వడానికి రాయలేదు ఇది. మన వైపు ఒకసారి అన్నదాన్ని జవాబు కింద ఎవరు లెక్కేస్తారు? మళ్ళీ అడగాలి, పక్కన కూర్చుని ఇంకోసారి అడగాలి. బ్యాంకులో నా కౌంటరు దగ్గర పర్లేదండి, రేపొస్తానంటూ వెళ్ళేవాడు బయట మెట్లమీద నన్ను తిట్టుకుంటూ పోతాడు, నాకు తెలుసు. ఆ పుణె ఆవిడా, భోపాల్ కుర్రాడూ నీకు అన్నీ చెప్తున్నారు కాబట్టి వాళ్ళ గురించి బెంగ లేదు. ఏమీ చెప్పనివాడిని ఎందుకు వదిలేశావు?

వదిన


కొండమీది ఇల్లు,
జూలై

వదినకి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత కోపం వచ్చింది. డాక్టరుకి బ్యాంకు ఆవిడ పాఠం చెప్పడమేంటని. ఆ కోపంలోనే నీ మాట తప్పని తేలుద్దామని మధ్యాహ్నం నీళ్ళ యంత్రం దగ్గరికి వెళ్ళి లాజరు గారి పక్కన కింద కూర్చున్నాను. ఎలా ఉందండీ అన్నాను. పర్లేదండి అన్నాడు. నేను లేవలేదు. ఆయన బిగిస్తున్న మరలు అందిస్తూ మళ్ళీ అడిగాను. నిజంగా పర్లేదండి అన్నాడు గానీ చేతిలో పని ఆగింది. ఇంకోసారి అడగడానికి నాకే సిగ్గేసింది, అయినా అడిగాను.

“నడుం పక్కన కొద్దిగా పట్టేసినట్టుంటుందండి. మూత్రంలో ఎరుపు కూడా కనపడుతుందండి. మీరు కంగారుపడతారని చెప్పలేదండి.”

కొద్దిగా కాదు వదినా. పొట్టమీద పెట్టి చూసే చిన్న స్కానింగు పరికరం ఉంది మా దగ్గర. మూత్రపిండం నుంచి దిగే గొట్టంలో రాయి ఉంది. ఎందుకొచ్చిందో కూడా ఆయనే చెప్పాడు. నీళ్ళ యంత్రం మేం వచ్చిన దగ్గర్నుంచీ సరిగా పనిచేయడం లేదు, నీళ్ళు తక్కువ వస్తున్నాయి. మిగతావాళ్ళకి చాలవేమోనని తన వాటా పట్టుకుని, సగం మళ్ళీ తొట్టిలో పోసేస్తున్నాడు. లెక్కలో మాత్రం అందరూ సమానంగా తాగినట్టే ఉంటుంది. మూత్రం రంగు చిక్కగా ఉందని నేను ఒకసారి అడిగాను కూడా. వ్యాయామం చేసొచ్చానండి, పర్లేదండి అన్నాడు. సరే అన్నాను. తల తీసేసినట్టయింది నాకు.

ఇది మామూలు సంగతైతే ఇంత భయపడను. బరువు తెలియని చోట నెలల తరబడి ఉంటే ఎముకలు పలచబడతాయి, వాటిలోని సున్నమంతా మూత్రంలోకి దిగుతుంది. అంతరిక్షంలో దూరం వెళ్ళేవాళ్ళకి రాళ్ళ భయం ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళు నీళ్ళు ఎంత తాగాలో మేం తాగిన లెక్క చూసి కూడా తేలుస్తారు. ఆ లెక్క అబద్ధం, ఆయన పేరు ఎదురుగా నేను నొక్కిన మంచి అంతా అబద్ధం.

బయటికి ఇంకా చెప్పలేదు. చెప్తే తలుపు తీస్తారు, తీస్తే అంతా అక్కడితో సరి. లాజరు గారు చేతులు పట్టుకున్నంత పని చేశాడు, నా మూలంగా అందరి కష్టం పాడవుతుందండి అని. నా పద్ధతి కూడా పోతుంది, అది ఆయన అనలేదు, నేనే అనుకున్నాను. మందులిచ్చాను, నా ఎదురుగా నీళ్ళు తాగిస్తున్నాను. రాయి దానంతటదే పడిపోవచ్చు. కొన్నాళ్ళు చూస్తాను. నువ్వు కంగారుపడకు.

పావని


సామర్లకోట,
ఆగస్టు

పావనీ,

కంగారుపడకు అని రాసేముందు ఎదుటివాళ్ళకి గుండె ఉంటుందని గుర్తుపెట్టుకో. నీ ఉత్తరం వచ్చిన రోజు కౌంటర్లో ఒకాయన డిపాజిట్టు ఇంకొకాయన ఖాతాలో వేసి మేనేజరుతో చీవాట్లు తిన్నాను.

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్తే ఆ కొండ ఎక్కడుందో వెతుక్కుంటూ బయల్దేరతాడు, ఒక కాలికి హవాయితో.

నాకు నీ సైన్సు తెలియదు. ఒకటి తెలుసు. నువ్వున్న ఇంటికి తలుపుంది. రేపు నిజంగా వెళ్ళేవాళ్ళకి ఉండదు. సగం దారిలో వాళ్ళలో ఒకడికి ఇలా నొప్పి వస్తే ఏ డాక్టరు ఎదురెళ్తాడు? నువ్వు రాసిన లెక్క చూసుకుని, ఇన్ని నీళ్ళు చాలులే అని బయల్దేరినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకీ ఇళ్ళలో ఎవరో ఉంటారు కదే. నీ పద్ధతి నెగ్గాలని నాకూ ఉంది. అబద్ధం మీద నెగ్గితే నాకు వద్దు.

ఇంకో మాట. రాయికి తోడు ఆ లాజరు గారికి జ్వరం కూడా వస్తే ప్రాణం మీదికొస్తుందట, మా బ్యాంకు పక్క ఆసుపత్రిలో అడిగాను, ఎవరికని చెప్పలేదులే. ఏదైనా అవసరమైతే చేయమని మీవాళ్ళు కుటుంబాలకి ఇచ్చిన ఫోను నంబరు నా ముందు ఉంది. నీ తర్వాతి ఉత్తరంలో చెప్పేశాను అన్న మాట లేకపోతే నేనే చేస్తాను. నువ్వు జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే చేస్తాను.

వదిన


కొండమీది ఇల్లు,
ఆగస్టు

వదినకి,

ఫోను చేయకు. నీ ఉత్తరం లోపలికి వచ్చేసరికే చెప్పేశాను. గొప్పతనమేమీ లేదులే, ఎలా చెప్పానో విను.

పొద్దున్న వ్యాయామం అయ్యాక లాజరు గారు నీళ్ళ తొట్టి దాకా వెళ్ళి అక్కడే మోకాళ్ళమీద కూలబడిపోయాడు. మొహం పాలిపోయి, చెమటలు కారిపోతున్నాయి. పుణె ఆవిడ మొక్కల గదిలోంచి పరిగెత్తుకొచ్చి ఆయన భుజం పట్టుకుని ఏమైందని హిందీలో అడిగింది. ఆయన ఆవిడ మొహం చూస్తూ, “పర్లేదండి, పర్లేదండి,” అంటున్నాడు. నొప్పిలో హిందీ కూడా పోయినట్టుంది. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. నా వైపు తిరిగి ఏమంటున్నాడని అడిగింది.

బాగానే ఉందంటున్నాడు అని చెప్పాలి నేను. ఇన్నాళ్ళూ కంప్యూటర్లో చేసింది ఆ అనువాదమే కదా. పక్కనే కళ్ళలో నీళ్ళు తిరుగుతూ మనిషి కనపడుతుంటే ఎలా చెప్పను?

“ప్రాణం పోతున్నట్టుంది అంటున్నాడు,” అన్నాను.

లాజరు గారు తలెత్తి నన్ను చూశాడు. కాదనలేదు. తల దించుకుని, అప్పుడు ఏడ్చాడు.

అత్యవసరాలకి వారం ఆగక్కర్లేదు కాబట్టి ఆ వెంటనే బయట పెద్ద డాక్టరు గారికి అంతా రాశాను. నీళ్ళు తొట్టిలో పోసిన సంగతి, నేను ముందే తెలుసుకుని దాచిన సంగతి కూడా. నాలుగు గోడల మధ్య జవాబు కోసం ఎదురుచూడటం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. జ్వరం లేదు కాబట్టి తలుపు తీయం, అంగారకుడి దారిలో ఉన్నవాళ్ళు ఎలా చేసుకుంటారో అలాగే మీ దగ్గరున్న వాటితో చూసుకోండి, జ్వరం వస్తే మాత్రం ఆ క్షణం తీస్తాం అని రాశారు. వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. భోపాల్ కుర్రాడు ఆయన పాదాలు పట్టాడు. ఆయన అబ్బా, అమ్మా అని మూలిగిన ప్రతిసారీ మా ముగ్గురికీ కాస్త ధైర్యం వచ్చేది, చెప్తున్నాడు కదా అని. నాలుగైదు రోజులు అలా గడిచాక రాయి పడిపోయింది. మూత్రం వడగట్టి చూపించాను, అంత చిన్నదానికా ఇంత నొప్పి అని ఆయనకే సిగ్గేసింది. నీళ్ళ యంత్రానికి కూడా బయటివాళ్ళు దారి చెప్పారు, ఇప్పుడు సరిగా వస్తున్నాయి.

ఇంక నా సంగతి. మొదటి రోజునుంచీ లాజరు గారి పేరు మీద నేను నొక్కినవన్నీ కొట్టేశారు. ఒక మనిషివి తప్పయితే మిగతావాళ్ళవి మాత్రం నమ్మడం ఎలా అని నా పద్ధతి మొత్తం పక్కన పెట్టేశారు. వ్యోమనౌకలోకి వెళ్ళేది వేరేది ఏదో చూసుకుంటారు. ఇక్కడ మిగిలిన రోజులకి పొద్దున్నే అందర్నీ అడిగి నొక్కే పని పుణె ఆవిడకి ఇచ్చారు, నాకు వంట అప్పగించారు. జబ్బు చేస్తే వైద్యం మాత్రం నేనే.

న్యాయమే కదా. నాకేం పర్లేదు. పొట్లాలు కత్తిరించి వేడినీళ్ళు పోయడమే వంట ఇక్కడ, హాయిగా ఉంది.

పావని


సామర్లకోట,
సెప్టెంబరు

వంటమనిషి పావని గారికి,

హమ్మయ్య. ఆ నంబరున్న కాయితాన్ని ఫ్రిజ్ మీదనుంచి తీసేశాను. మీ అన్నయ్యకి కూడా ఇప్పుడు అంతా చెప్పాను. మా చెల్లెలు అని ఒక గంట సేపు గొప్పగా చెప్పుకుని, తర్వాత బుద్ధిగా ఆసుపత్రికి వెళ్ళి వేలు చూపించుకున్నాడు. లోపల చీలిందట, కట్టు కట్టారు.

అయితే మొత్తానికి పుణె వాళ్ళకీ భోపాల్ వాళ్ళకీ నీ వంట ప్రాప్తించిందన్నమాట. మా పెళ్ళి కొత్తలో నువ్వు చేసిన ఉప్మా గోడకి కొడితే అతుక్కుంది, ఆ ఇనప గోడలు జాగ్రత్త. నువ్వు తిరిగొచ్చాక ఇక్కడా వంట నీదే, నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాను. ఏ పద్ధతిలో వండుతావో నీ ఇష్టం, కొట్టేసే హక్కు మాత్రం నాది.

నువ్వు నిబ్బరంగా ఉన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

వదిన


కొండమీది ఇల్లు,
సెప్టెంబరు

పావని గారి వదిన హైమ గారికి నమస్కారమండి.

నేను లాజరునండి, రాయి మనిషిని. మిమ్మల్ని చూడకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు అడగమన్నారు కాబట్టే పావని గారు నన్ను అడిగారని తెలిసిందండి. నాకు ఇప్పుడు నొప్పి లేదండి. నీళ్ళు పుణె మేడమ్ గారి ఎదురుగా తాగి గ్లాసు బోర్లించి చూపించాలండి, చిన్నపిల్లాడికిలాగా. చూపిస్తున్నానండి.

నేను రాసేది నా గురించి కాదండి. మొన్న మీ ఉత్తరం వచ్చినప్పుడు పావని గారు మాకు చదివి వినిపించారండి, ఆ ఉప్మా సంగతి. అందరం నవ్వామండి, ఆవిడ కూడా నవ్వారు. నవ్వుతూ లేచి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టారండి. అవి అంతకుముందే కడిగేసిన గిన్నెలండి.

నాకు అనుమానం వచ్చి వెనకాలే వెళ్ళానండి. అమ్మా, ఎలా ఉన్నారని అడిగాను. పర్లేదు లాజరు గారూ అన్నారండి. నాతో ఆ మాట అంటే ఎలాగండి. నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ కడిగిందే కడుగుతూ, తర్వాత కుళాయి కట్టేసి, గట్టిగా ఏడ్చారండి. నేను వచ్చిన పని పోయింది, ఇంక ఇది ఎక్కడికీ వెళ్ళదు, పొద్దున్న లేవాలంటేనే బుద్ధి పుట్టడం లేదు అన్నారండి. అందరికీ వండిపెట్టి తను రెండు ముద్దలు తిని లేచిపోతున్నారండి, మేం ఎవరం గమనించలేదు. బరువు తగ్గారండి. పుణె మేడమ్ గారికి చెప్పండి అని నేను బతిమాలితే చెప్పారండి. ఇవాళ ఆవిడ పేరు ఎదురుగా చెడు అని పడింది. బయట డాక్టరు గారు రోజూ ఆవిడకి రాసి అడుగుతారటండి.

మీకు రాయొద్దని నాతో అన్నారండి, వదిన బెంగపెట్టుకుంటుందని. నేను ఒకసారి దాచి ఇంత పని చేశాను కాబట్టి ఇది దాచనండి.

నా ప్రాణం కోసం ఆవిడ తన పద్ధతిని చేజేతులా పోగొట్టుకున్నారండి. నాకు చాలా బాధగా ఉంది. ఆ మాట ఆవిడతో చెప్పానండి, మీరు మొహమాటానికి అంటున్నారు అని కొట్టిపారేశారు. మీరు చెప్తే వింటారండి. మీ ఉత్తరం వచ్చే రోజు ఆవిడ పొద్దున్నుంచీ ఎదురుచూస్తారు.

ఈసారి మాత్రం ఆవిడని నవ్వించకండి. బాధగా ఉందా అని అడగండి, చాలండి.

లాజరు